దాచిందేమీ లేదని సంతకం

కళ్లజోళ్ల దుకాణం, వెనక గది
జనవరి 11

చిట్టికి,

ఫోన్ ఉండగా ఈ కాగితం ఎందుకని నవ్వుకుంటావు. ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, ఏం మాట్లాడుకున్నామో మర్నాటికి ఇద్దరికీ గుర్తుండదు. అందుకే రాస్తున్నాను. మీ డిపోకి వచ్చే పొద్దుటి బస్సు డ్రైవరు మన దుకాణంలోనే కళ్లజోడు చేయించుకున్నాడు. నీ చేతికే ఇస్తానన్నాడు.

నేనూ మీ అన్నయ్యా విడిపోతున్నాం. తను ఈపాటికి చెప్పే ఉంటాడు. కొట్లాట ఏమీ లేదు, మధ్యలో ఇంకో మనిషీ లేదు. పదహారేళ్లుగా ఈ ఇంట్లో ఏ పనైనా అయిపోయాకే నాకు తెలుస్తోంది. వ్యాను కొన్నాక తెలిసింది. పక్క కొట్టు అద్దెకు తీసుకుని, నష్టపోయి, వదిలేశాక తెలిసింది. పిల్లని బడి మార్పించాక తెలిసింది. ఎందుకు చెప్పలేదంటే "నీకు చెబితే ఆలోచిస్తూ కూర్చుంటావు" అంటాడు. విడిపోదామన్న ఒక్క మాట మాత్రం ముందు నేనే చెప్పాను.

కోర్టుకి పోతే ఏళ్లు పడుతుందట. డబ్బు సంగతులు ముందు మధ్యవర్తి దగ్గర తేల్చుకుని, ఇద్దరూ ఒప్పుకున్న కాగితం పట్టుకుని రమ్మన్నారు. నిన్న మొదటిసారి వెళ్లాం. రెండో అంతస్తులో గది, గుండ్రటి బల్ల, ముగ్గురికి మూడు గ్లాసుల నీళ్లు. మధ్యవర్తిగారికి వయసు అరవై దాటి ఉంటుంది, విడవని జలుబు. ఏం చెప్పినా జేబురుమాలుతో ముక్కు తుడుచుకుని "మంచిది, మళ్లీ మొదటినుంచి చూద్దాం" అంటారు. రెండు గంటలు కూర్చుని మేం తేల్చుకున్నది కిటికీ తెరవాలా మూయాలా అన్న ఒక్క విషయమే.

మీ అన్నయ్య ఏమన్నాడో తెలుసా. "దుకాణం నాదండీ, తను సాయం చేసేది" అన్నాడు. సాయమట. పన్నెండేళ్లుగా ఈ వెనక గదిలో లెన్సులు అరగదీసీ అరగదీసీ నా వేళ్ల గీతలు కూడా అరిగిపోయాయి. ఫోన్ నా వేలిముద్రని గుర్తుపట్టదు. తను ముందు కౌంటర్లో నిలబడి నవ్వుతూ ఫ్రేములు అమ్మేవాడు. మన కొట్టే కదా అని నేనెప్పుడూ జీతం అడగలేదు. ఇప్పుడు ఏ కాగితం తీసినా అందులో నా పేరు లేదు.

నువ్వు ఆయన చెల్లెలివన్న సంగతి మరిచిపోయి రాయడం లేదు. ఇవి చెప్పుకోవడానికి నాకు నువ్వు తప్ప ఇంకెవరున్నారు.

మీ వదిన


బస్సు డిపో, టైమ్‌కీపర్ గది
జనవరి 24

వదినకు,

ఉత్తరం అందింది. డ్రైవరు కళ్లజోడు తుడుచుకుని మరీ చేతికిచ్చాడు. రెండుసార్లు చదివాను.

ఏం రాయాలో తెలియడం లేదు. అన్నయ్య చెప్పాడు కానీ, నీ చేతిరాతలో చూస్తే వేరేగా ఉంది. ఇద్దరూ ఇంకొక్కసారి ఆలోచించుకోండి అని రాద్దామనుకుని, కొట్టేశాను. నా కాపురం నిలబెట్టుకోలేనిదాన్ని, నీకు చెప్పడానికి నేనెవర్ని.

ఇక్కడ సంగతులు ఎప్పటిలాగే. ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్లింది అని రాసుకోవడమే నా బతుకు. బస్సు ఆలస్యమైతే డ్రైవరు నన్ను తిడతాడు, నేనే ఆపినట్టు. ఇంటి అద్దె మళ్లీ పెంచుతారేమోనని ఒక దిగులు.

వదినా, ఒక్క మాట. లెక్కల కోసం మరీ పట్టుపట్టకు. ఎంతో కొంత తీసుకుని బయటపడు. తవ్వినకొద్దీ మనసు పాడవడమే తప్ప ఏమీ రాదు.

నీ చిట్టి


కళ్లజోళ్ల దుకాణం, వెనక గది
మార్చి 6

చిట్టికి,

'ఎంతో కొంత' అన్న నీ మాట నెలన్నరగా నా చెవిలో తిరుగుతోంది. దుకాణంలో ఎవరైనా వచ్చి ఎంతో కొంత పవరున్న అద్దాలు వేసిపెట్టమంటే వేస్తామా? నాకు రావలసింది ఎంతో అంతే రావాలి. ఎక్కువ వద్దు.

ఇంకో మూడుసార్లు వెళ్లాం. మాకు చెరో పదకొండు పేజీల కాగితం ఇచ్చారు. ఎవరి పేరున ఏముంది, ఎక్కడ ఎంత దాచారు, ఎవరికి ఏమిచ్చారు, ఎవరి నుంచి ఏం రావాలి, అన్నీ రాయాలి. ఆఖరి పేజీలో 'ఇవి తప్ప మరేమీ లేవు, దాచిందేమీ లేదు' అని ఉంటుంది. దాని కింద సంతకం. ఇద్దరం పెట్టాం.

తన కాగితం చదివితే నాకు తల తిరిగింది. లెన్సు అరగదీసే యంత్రాన్ని పాత ఇనుము ధరకి రాశాడు. నేను రోజూ నూనె పెట్టి, బిడ్డ ఒళ్లు తుడిచినట్టు తుడుచుకునే యంత్రం అది. "ఇప్పుడు కొంటే ఎంతవుతుందో చెప్పండి" అన్నాను. "కొనేదాని ధర వేరు, అమ్మేదాని ధర వేరు" అన్నాడు. గంటసేపు అదే. మధ్యవర్తిగారు ముక్కు తుడుచుకుని, "మంచిది, మళ్లీ మొదటినుంచి చూద్దాం" అన్నారు. ఆ జేబురుమాలు లాక్కుని కిటికీలోంచి పారెయ్యాలనిపించింది.

అసలు సంగతి అది కాదు. ఆరేళ్ల కిందట నాలుగు బళ్ల పిల్లలందరికీ కళ్లజోళ్లు చేసే పని మనకే వచ్చింది, గుర్తుందా? ఐదు నెలలు నేను నడుం ఎత్తలేదు. దుకాణం పెట్టాక అంత మంచి ఏడాది ఇంకొకటి లేదు. కానీ ఆ డబ్బు తన పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు.

"ఆ ఏడాది వచ్చింది ఏమైందండీ?" అని మధ్యవర్తిగారు అడిగారు.

"ఖర్చయింది."

"దేనికి?"

"గుర్తులేదు."

మూడు పూటలా ఏం తిన్నాడో పదేళ్ల తర్వాత కూడా చెప్పగల మనిషికి అంత డబ్బు దేనికి ఖర్చయిందో గుర్తులేదట.

చిట్టీ, ఆ ఏడాది నువ్వు తరచూ వచ్చేదానివి. మీ ఆయన వదిలేసి వెళ్లిన కొత్త. అన్నయ్య నీ దగ్గర ఏమైనా అన్నాడా? ఎక్కడైనా స్థలం చూస్తున్నాననో, ఎవరికైనా అప్పిచ్చాననో? బాగా ఆలోచించి రాయి.

వదిన


బస్సు డిపో, టైమ్‌కీపర్ గది
మార్చి 29

వదినకు,

జవాబు ఆలస్యమైంది. డ్రైవర్ల సమ్మె అంటూ వారం రోజులు గొడవ. బస్సులు రాకపోయినా నేను వచ్చి కూర్చోవాలి. రాలేదు, రాలేదు, రాలేదు అని పుస్తకం నిండా రాశాను.

లెక్కల సంగతులు నాకేం తెలుస్తాయి వదినా. ఆ ఏడాది నా తల నాది కాదు. ఒక పెట్టె పట్టుకుని మీ మెట్లెక్కాను, అదే గుర్తు. అన్నయ్య ఎందుకొచ్చావని అడగలేదు. పెట్టె అందుకుని లోపల పెట్టాడు. నువ్వు నీ దుప్పటి తెచ్చి నాకు కప్పావు. ఇద్దరిలో ఎవరి వైపు చూసి నేను ఏం చెప్పను.

మొన్న ఆదివారం అన్నయ్య వచ్చాడు. గంట కూర్చున్నాడు. చిక్కిపోయాడు. పెద్దగా ఏమీ మాట్లాడలేదు.

పిల్ల పరీక్షలు ఎలా రాసింది? దానికి నా ముద్దులు.

చిట్టి


కళ్లజోళ్ల దుకాణం, పై వాటా
మే 8

చిట్టికి,

ఇదే ఆఖరు, ఇంక దీని గురించి నీకు రాయను. నీ ఉత్తరాల్లో సమ్మెలూ బస్సులూ తప్ప నేనడిగినదానికి జవాబుండదు. నీ ఇబ్బంది నాకు అర్థమైంది. తోబుట్టువు తోబుట్టువే.

ఇప్పటికి ఎనిమిదిసార్లు ఆ మెట్లెక్కాను. గోడకి చెప్పుకున్నట్టే ఉంది. నేను అడగడం, తను గుర్తులేదనడం, ఆయన ముక్కు తుడుచుకోవడం. చేతిలో రుజువు లేదు. లేని డబ్బుని పంచమని ఎవరినడగను? "మీ దగ్గర కాగితం ఉంటే చూపించండమ్మా, అనుమానాన్ని నేను లెక్కలో వెయ్యలేను" అన్నారు మధ్యవర్తిగారు. ఆయన తప్పు లేదు. అది తెలిసీ ఆయన మీదే కోపం వస్తోంది.

కాగితం తయారైంది. దుకాణం నష్టాల్లో ఉందని తను చూపించిన లెక్కే ఖాయం. పెద్ద వీధిలో ఉన్న కళ్లజోళ్ల కొట్టువాడికి సామాను, యంత్రం, అద్దె హక్కు అన్నీ కలిపి అమ్మేస్తారు. వచ్చినదాంట్లో నాకు మూడో వంతు. పిల్ల బడి ఖర్చు చెరి సగం. దుకాణంతో పాటు ఈ పై వాటా కూడా పోతుంది కాబట్టి, నేనూ పిల్లా ఇల్లు వెతుక్కోవాలి. కావాలంటే తన దగ్గర జీతానికి చేరమని ఆ కొట్టువాడు కబురు పంపాడు. నా యంత్రం మీదే, నా చేత్తోనే, వాడికి లెన్సులు అరగదీసి పెట్టాలి.

అలిసిపోయాను. ఇరవై రెండో తారీఖున సంతకం. ఇన్నాళ్లకి నీ 'ఎంతో కొంత' దగ్గరికే వచ్చాను.

వదిన


ఇంట్లో
మే 14

వదినా,

సంతకం పెట్టొద్దు.

ఇది రాయడానికి నాలుగు కాగితాలు చించాను. తిన్నగా చెప్పేస్తాను. నేనుండేది అద్దె ఇల్లు కాదు. ఈ రెండు గదులూ నా పేరునే ఉన్నాయి. ఆరేళ్ల కిందట అన్నయ్య కొన్నాడు. ఆ బళ్ల కళ్లజోళ్ల డబ్బుతోనే.

అప్పుడు నాకు అద్దెకిచ్చేవాళ్లే దొరకలేదు. మొగుడు వదిలేసిన మనిషి అనేసరికి ఒకరు గేటు దగ్గరే ఆపేశారు, ఇంకొకరు రెండింతల అద్దె చెప్పారు. ఒకరోజు అన్నయ్య వచ్చి తాళం చెవి చేతిలో పెట్టి, "అద్దె అని చెప్పు. మీ వదినకి నేను తర్వాత చెబుతాను" అన్నాడు. ఆ 'తర్వాత' ఇంకా రాలేదు. నువ్వు నన్ను చూడడానికి వచ్చినప్పుడల్లా, గోడకి మేకు కొట్టాలన్నా ఇంటివాళ్లని అడగాలి అని నీతో అబద్ధం చెప్పాను. నువ్వేమో ఒకసారి నాలుగు నెలల అద్దెకి సాయంగా ఉంటుందని డబ్బు కూడా ఇచ్చి వెళ్లావు. తీసుకున్నాను.

జనవరిలో నీ ఉత్తరం చదివిన రోజే రాయాలి. భయం వేసింది. ఇది లెక్కలోకి వస్తే అమ్మేస్తారు, నేను మళ్లీ పెట్టె పట్టుకుని ఎవరి మెట్లో ఎక్కాలి. మార్చిలో అన్నయ్య వచ్చింది కూడా ఇందుకే. "నీ పేరున ఉంది కాబట్టి నీదే, ఎవరూ అడగరు, నువ్వు నోరు మెదపకు" అన్నాడు. నువ్వు అడుగుతుంటే మింగలేక కక్కలేక బస్సుల కబుర్లు రాశాను.

నువ్వు జీతానికి వెళ్లడం గురించి చదివాక ఈ ఇంట్లో కూర్చోలేకపోతున్నాను. ఇంటి దస్తావేజు నకలు, అన్నయ్య డబ్బు కట్టిన రసీదు ఇందులో పెట్టాను. మధ్యవర్తిగారికి ఇచ్చెయ్యి. ఆయన రమ్మంటే వచ్చి చెబుతాను. అన్నయ్యకి కూడా ఇవాళే ఫోన్ చేసి చెప్పాను. "ఇంక నాకు చెల్లెలు లేదు" అన్నాడు.

చిట్టి


కళ్లజోళ్ల దుకాణం
మే 16

కాగితాలు అందాయి.

నాలుగు నెలలు. నీకు తెలిసి, నేను గోడలకి తల బాదుకుంటుంటే చూస్తూ కూర్చున్నావు. అన్నయ్యని నేనేం అనను, తను ఎప్పుడూ అంతే. నువ్వు నాకు 'పట్టుపట్టకు' అని బుద్ధులు చెప్పావు.

ఆ నాలుగు నెలల అద్దె డబ్బు నేను ఎక్కడినుంచి తెచ్చి ఇచ్చానో నీకు తెలియదు. తెలిస్తే నీకంటే నాకే ఎక్కువ సిగ్గు. ఇప్పుడు రాయలేను.

ఇరవై రెండో తారీఖున ఇవి బల్ల మీద పెడతాను. నీ ఇల్లు ఏమవుతుందో నాకు తెలియదు. ఏమీ కాదని నీకు మాటివ్వను.


కళ్లజోళ్ల దుకాణం, వెనక గది
జులై 3

చిట్టికి,

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు. అందుకని కోపంతోనే రాస్తున్నాను.

కాగితాలు బల్ల మీద పెట్టాను. మధ్యవర్తిగారు మొదటిసారి ముక్కు తుడుచుకోవడం మానేసి, రసీదు మీద తారీఖు చూశారు. మీ అన్నయ్య గ్లాసులో నీళ్లు తాగాడు. నా గ్లాసులోవి కూడా తాగాడు.

"ఇది మీ కాగితంలో లేదే?" అని అడిగారాయన.

"నా పేరున లేదండీ."

"మీ డబ్బేనా?"

"చెల్లెలు నడివీధిలో ఉందండీ. ఈవిడకి చెబితే వద్దంటుంది."

"అడిగితే కదా వద్దనేది" అన్నాను. చిట్టీ, నన్ను అడిగి ఉంటే ఇంకో గది ఎక్కువున్నది కొనమనేదాన్ని. నా కష్టంతో నీకొక గూడు వచ్చిందని సంతోషపడే అవకాశం కూడా నాకు లేకుండా చేశాడు. డబ్బు పోయినందుకు కాదు, నాకు ఇది ఎక్కువ మండింది.

తర్వాత ఆయన ఇద్దరి కాగితాలూ మళ్లీ మాకు ఇచ్చారు. మళ్లీ చదివి, దిద్దవలసింది దిద్ది, మళ్లీ సంతకం పెట్టమన్నారు. తను తలవంచుకుని దిద్దాడు. నేను తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయాను.

ఆ పేజీలో 'విడిగా దాచుకున్న సొమ్ము' అని ఉంటుంది. దాని ఎదురుగా 'లేదు' అని రాసి ఉన్నాను. ఉంది. పదకొండేళ్లుగా ఉంది. ఊడిన మర బిగించినందుకు, ముక్కు మీద ఆనే రబ్బరు ముక్కలు మార్చినందుకు జనం వెనక గదిలోకి వచ్చి నా చేతిలో పెట్టే చిల్లర. అది కౌంటర్లోకి వెళ్లేది కాదు. నెలకోసారి బ్యాంకులో వేసుకునేదాన్ని. ఏం కొనుక్కోవాలనీ కాదు. ఎవరినీ అడగకుండా తీయగలిగే డబ్బు ఒకటి ఉండాలనిపించేది. నీకిచ్చిన అద్దె డబ్బు అందులోదే. చిల్లరే కదా అనుకున్నాను. మొత్తం చూస్తే నీ ఇంటి ధరలో నాలుగో వంతు ఉంది.

నీ ఉత్తరం రాకపోయి ఉంటే దాన్ని అలాగే దాటేసేదాన్ని. తలమీద కప్పు పోతుందని తెలిసీ నువ్వు చెప్పావు. నేనింకా చిల్లర దాచుకుని, తన ముఖం మీద వేలు చూపిస్తూ కూర్చున్నాను. 'లేదు' కొట్టేసి, అంకె వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను.

మీ అన్నయ్య తొంగి చూసి, "నువ్వు కూడానా" అన్నాడు. కోపంగా అనలేదు.

ఆ తర్వాత నాలుగుసార్లు కూర్చుంటే తేలింది. దుకాణం, యంత్రం, పై వాటా, వాటి అద్దె హక్కు నాకు. నా చిల్లర డబ్బు నా వాటా కిందే పడింది. వ్యాను, బ్యాంకులో ఉన్నదాంట్లో పెద్ద భాగం తనకి. నీ ఇల్లు అమ్మక్కర్లేదు. తన వాటాలోంచి తను నీకు ఇచ్చేసినట్టు లెక్క. ఇదివరకే ఇచ్చేశాడు కాబట్టి ఆ మేరకు తనకి తగ్గింది. నేను మెత్తబడి ఒప్పుకున్నది కాదిది, లెక్కకి లెక్క సరిపోయింది.

మీ అన్నయ్యే ఆఖర్న అడిగాడు. "దుకాణం పోయె, పై వాటా పోయె. మరి నేనెక్కడుండాలండీ?"

"అది ఈ కాగితంలో ఉండదండీ" అన్నారు మధ్యవర్తిగారు.

వదిన


ఇంట్లో
ఆగస్టు 2

వదినకు,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. ఇల్లు నిలబడినందుకు కొంత, మిగతాది ఎందుకో చెప్పలేను. అద్దె పేరుతో తీసుకున్న నీ డబ్బు నెలనెలా పంపుతాను, వద్దనకు.

ఇప్పుడు వేరే గోల. నాకు చెల్లెలు లేదన్న మనిషి పోయిన శనివారం రెండు పెట్టెలతో దిగాడు. తలుపు తీస్తే, "నెల రోజులు" అన్నాడు. పెట్టె అందుకున్నాను. ఇంకేం చెయ్యను, నా పెట్టె అందుకున్న చెయ్యే కదా.

వారానికే చాలనిపించింది. ముందు గది అంతా అన్నయ్యే. కొత్త కొట్టు ఎక్కడ పెట్టాలో పొద్దున్నుంచి గోడలకి వినిపించేలా ఫోన్లో మాట్లాడతాడు. మొన్న డ్యూటీ దిగి వచ్చేసరికి నా మంచం కిటికీ దగ్గర్నుంచి లోపలి మూలకి మారిపోయి ఉంది. అడిగితే, "గాలి అటే బాగా వస్తుంది, నీకు చెబితే ఆలోచిస్తూ కూర్చుంటావు" అన్నాడు. నిన్న ఎవరో ఇద్దరు వచ్చి ముందు గది కొలతలు తీసుకున్నారు. ఎందుకని అడిగితే తర్వాత చెబుతానంటాడు.

కాదనలేను, ఉండమనలేను. ఈ ఇల్లే తనిచ్చింది. పంపకాల్లో నీకు దుకాణం వచ్చింది వదినా, నాకు మీ ఆయన వచ్చాడు.

చిట్టి


కళ్లజోళ్ల దుకాణం, వెనక గది
ఆగస్టు 5

చిట్టీ,

నవ్వాను. ఏడాది అయి ఉంటుంది అలా నవ్వి. యంత్రం ఆపి మరీ నవ్వాను. తర్వాత ఆ కొలతల సంగతి చదివి నవ్వు ఆగిపోయింది.

విను. ముందు గదిలో కళ్లజోళ్ల కొట్టు పెడుతున్నాడు. ఇంకో వారంలో అద్దాల బీరువా దిగుతుంది. అప్పుడు నీకు తెలుస్తుంది.

తను చెడ్డవాడు కాదు. నీకు తాళం చెవి ఇచ్చినప్పుడు ఎంత ప్రేమ ఉందో నీ మంచం జరిపినప్పుడూ అంతే ఉంది. అందుకే ఎదురు చెప్పడం కష్టం. నేను చెప్పాననే అనుకునేదాన్ని. గిన్నెలు గట్టిగా పెట్టి చెప్పాను, తలుపు వేసి చెప్పాను, రెండేసి రోజులు మాట్లాడకుండా ఉండి చెప్పాను. నోరు తెరిచి, ఇది నాకు ఇష్టం లేదు అని పదహారేళ్లలో ఎన్నిసార్లు అన్నానో వేళ్ల మీద లెక్కపెడితే ఒక చెయ్యి కూడా నిండలేదు. ఆ మాట ఆ బల్ల దగ్గర, ముక్కు చీదే పెద్దమనిషి ఎదుట గానీ నాకు రాలేదు. అప్పటికి దుకాణం తప్ప మిగిల్చుకోవడానికి ఏమీ లేదు.

నువ్వు అంత కాలం ఆగకు. అన్నయ్య ఇచ్చిన ఇల్లని నసగకు. ఇచ్చినవాడికి లెక్కలో చెల్లిపోయింది. ఇల్లు నీది. ఉండాలంటే ఎన్నాళ్లో, ముందు గదిలో ఏం చెయ్యకూడదో, మంచం ఎక్కడుండాలో నువ్వు చెప్పాలి, తను వినాలి.

నీ మీద నా కోపం పూర్తిగా పోలేదు. పోయేదాకా ఆగితే ఆ బీరువా దిగిపోతుంది. ఆదివారం దుకాణం మూసి, పిల్లని తీసుకుని పొద్దుటి బస్సుకి వస్తున్నాను. మీ ఇద్దరి మధ్యా కూర్చుంటాను. ఇద్దరికీ నీళ్లు పోసిస్తాను. మాట్లాడేది మాత్రం నువ్వే.

వదిన